ఆరున్నొకటి

పోయిన నెల దగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోతే మా కోడలు నన్ను మలక్‌పేటలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఊపిరి కసరత్తులు నేర్పే ఒక అమ్మాయి నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గుండె నిండా గాలి పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఎంతవరకు వస్తే అంతవరకు పైకి లెక్కపెట్టమంది. నేను గాలి పీల్చుకుని, ఏ మాత్రం ఆలోచించకుండా, లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని నా మొహం చూస్తూ ఉండిపోయింది, మా కోడలు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. లాభమేంది అమ్మా, మీకు దుకాణం గిట్ల ఉండెనా అని అడిగింది ఆ పిల్ల. నాకు మాత్రం నవ్వు రాలేదు. నలభై ఏళ్ల కింద ఇదే మలక్‌పేటలో ఇంకో ఆసుపత్రిలో, సరిగ్గా ఈ లెక్క దగ్గరే మా మామ ప్రాణం మీదికి వచ్చింది.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు కానీ ఇప్పటివాళ్లకు తెలియదు. పాలు గానీ వడ్లు గానీ కొలిచేటప్పుడు ఒకటి అని మొదలుపెట్టేవాళ్లు కాదు, లాభం అనేవాళ్లు. ఆరు తర్వాత ఏడు అనేవాళ్లు కాదు, అది ఏడ్వమన్నట్టు ఉంటుందని ఆరున్నొకటి అని దాటేసి ఎనిమిదికి పోయేవాళ్లు. మా అత్తగారింట్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. పాతబస్తీ జహనుమాలో రేకుల ఇల్లు, వెనక కొట్టంలో తొమ్మిది బర్రెలు, తెల్లవారుజామున చాయ్ హోటళ్లవాళ్లు క్యాన్లు పట్టుకుని వాకిట్లో నిలబడితే మా మామ లీటరు డబ్బా ముంచి పోస్తూ, ఒక్కొక్క అంకెను సాగదీసి, గల్లీ చివరిదాకా వినబడేలా లెక్క చెప్పేవాడు. ఆ లెక్క విని లేచేవాళ్లు, బడికి పిల్లలను లేపేవాళ్లు, పొయ్యి వెలిగించేవాళ్లు ఉండేవాళ్లు మా గల్లీలో. కొందరు పాలవాళ్లు డబ్బాను బొటనవేలు లోపల పెట్టి పట్టుకుంటారు, ఆ వేలంత పాలు తక్కువ పడతాయి. మా మామ వేలు ఎప్పుడూ డబ్బా బయటే ఉండేది, ఆ వేలును చూసే జనం మా వాకిట్లోకి వచ్చేవాళ్లు.

నేను మాదన్నపేట కూరగాయల మార్కెట్టులో దుకాణం పెట్టుకున్నవాళ్ల పిల్లను. పదో తరగతి దాకా చదివాను, అందుకని మా అమ్మగారింట్లో నన్ను కాస్త పొగరుబోతుగానే లెక్కకట్టేవాళ్లు. అత్తగారింటికి వచ్చాక ఆ పొగరంతా ఎక్కడ పోయిందో నాకే తెలియదు. మామ ముందట కోడలు నోరెత్తకూడదు, నెత్తి మీద కొంగు జారకూడదు, చెప్పాల్సిందేమైనా ఉంటే అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెబుతుంది. ఆయనా అంతే, నాతో ఏ పని ఉన్నా గోడతో చెప్పినట్టు చెప్పేవాడు. చాయ్ పెట్టుమను, అనేవాడు. పెట్టుమనేది ఎవరిని, అనేది ఎవరు, అక్కడ నేనొక్కదాన్నే ఉంటే. పెళ్లయిన రెండేళ్లలో ఆయన నన్ను పిలిచిందీ లేదు, నేను ఆయనతో ఒక ముక్క మాట్లాడిందీ లేదు. కానీ తెల్లవారుజామున వంటింట్లో పొయ్యి ముందర కూర్చుని గోడ అవతలి నుంచి ఆ లెక్క వినీ వినీ, ఆయన ఏ అంకె దగ్గర ఊపిరి తీసుకుంటాడో, ఏ అంకె దగ్గర గొంతు కిందికి దిగుతుందో నాకు కంఠతా వచ్చేసింది.

ఆ వానాకాలం ఆయనకు వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన నాలుగైదు రోజులకు ముందు కుడిభుజం, తర్వాత ఎడమభుజం పట్టుకుని ఒకటే నొప్పి. అంత మనిషి చిన్నపిల్లవాడిలా మూలిగేవాడు. క్యాన్లు మోసీ మోసీ నరం పట్టిందన్నారు అందరూ. మా గల్లీ చివర చాయ్ హోటల్ నడిపే చిచ్చా, మా మామకు చిన్ననాటి దోస్తు, ఎముకలు, నరాలు సరిచేసే, తనకు తెలిసిన పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయి నూనె పెట్టి తోమించాడు. నొప్పి నెల రోజులకు తగ్గింది కానీ భుజాల మీది కండ కరిగిపోయింది, ఆ వెనకే ఆయాసం మొదలైంది. కూర్చుంటే బాగానే ఉండేవాడు. పడుకుంటే చాలు, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు దిగ్గున లేచేవాడు. వంగి దూడ తాడు విప్పితే రొప్పేవాడు. చివరికి తవుడు బస్తాను ముందు పెట్టుకుని, దాని మీద చేతులు వేసి, చేతుల మీద తల ఆనించి కూర్చునే కునికేవాడు. ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట, దమ్ము పట్టుకుంది అని. మా దగ్గర ఆయాసానికీ ఊపిరికీ ధైర్యానికీ అన్నింటికీ దమ్మే కదా. దమ్ముకు ఎన్ని చిట్కాలున్నాయో అన్నీ అయ్యాయి, కషాయాలు, ఆవిరి, పొగ. మెడలో ఉన్న జబ్బుకు ఛాతీకి మందు రాస్తున్నామని మాకెవరికీ తట్టలేదు. ఒకరోజు పొద్దున పెదవులు నల్లబడి, తల పగిలిపోతున్నదని పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే, చిచ్చా ఆటో తెచ్చి మమ్మల్నందరినీ ఎక్కించి మలక్‌పేటకు పంపించాడు.

ఆసుపత్రిలో మొదట చూసింది ఒక చిన్న డాక్టరు, ఎన్ని రోజులైందో పాపం ఆ పిల్లవాడు నిద్రపోయి. ఒక్క ఊపిరిలో లెక్కపెట్టమన్నాడు. మా మామ లాభం అన్నాడు. లాభం నష్టం తర్వాత చూసుకుందాం పెద్దాయనా, సరిగ్గా ఒకటి నుంచి చెప్పు అని విసుక్కున్నాడు ఆ పిల్లవాడు. మా మామకు డాక్టర్లంటే భయం, భక్తి. బుద్ధిగా ఒకటి, రెండు, మూడు అని చెప్పుకుంటూ పోయి ఆరు దగ్గర టక్కున ఆగిపోయాడు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ ఆరు. మూడోసారీ ఆరే. ఆ పిల్లవాడి మొహంలో రంగు మారిపోయింది. పరుగున పోయి పెద్ద డాక్టరును పిలుచుకొచ్చాడు, నర్సులు ఏదో యంత్రం తోసుకొచ్చారు, గొంతులోకి గొట్టం వేసి దానికి తగిలించాలి, సంతకం పెట్టు అని మా ఆయన చేతికి కాగితం ఇచ్చారు. అది పెడితే మళ్లీ తీసేది ఎన్నడో చెప్పలేమన్నారు. మా అత్త నేల మీద కూలబడింది.

నేను గోడకు ఆనుకుని నెత్తి మీద కొంగుతో నిలబడి ఉన్నాను. నాకు ఒక్కటే తెలుసు. మా మామకు ఊపిరి అయిపోయినప్పుడు అంకె చివర గొంతు కిందికి జారుతుంది. ఈ ఆరు జారలేదు, గట్టిగా నిలబడి ఉంది. ఆయన చుట్టూ చూస్తున్నాడు. పక్క మంచం మీద ఎవరి తండ్రో, ఆ పక్కన ఎవరి బిడ్డో, సెలైన్లు ఎక్కుతున్నాయి, అంతమంది రోగుల మధ్య నిలబడి ఏడు అని ఎట్లా అంటాడు. ఆరున్నొకటి అందామంటే ఆ పిల్లవాడు లాభానికే కోప్పడ్డాడాయె. అందుకని మర్యాదగా నోరు మూసుకున్నాడు. ఆ మర్యాదకు గొంతులో గొట్టం పడబోతోంది. మా ఆయన కలం పట్టుకున్నాడు. నేను గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచాను.

"సారూ, ఆయనకు దమ్ము అయిపోలే. మా మామ ఏడు అనడు సారూ. మా ఇంటి లెక్క చెప్పుకోనియ్యుండ్రి."

గదిలో అందరూ నావైపు తిరిగారు. మా అత్త ఏడుపు ఆపేసింది. పెద్ద డాక్టరు ఒక క్షణం నన్ను చూసి, మామ భుజం మీద చెయ్యి వేసి, ఇంట్ల ఎట్ల కొలుస్తవో గట్లనే చెప్పు పెద్దమనిషీ అన్నాడు. మామ కళ్లు మూసుకున్నాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. పద్నాలుగు దగ్గర గొంతు జారింది. అదీ తక్కువే, కానీ రక్తం పరీక్ష కూడా చూసి, ఆ పూటకు గొట్టం అక్కరలేదన్నారు. యంత్రాన్ని మాత్రం మంచం పక్కనే పెట్టుకుని పది రోజులు కనిపెట్టి ఉన్నారు.

ఆ పది రోజుల్లో పెద్ద డాక్టరు మాకు విషయమంతా చెప్పాడు. ఊపిరితిత్తుల కింద, పొట్ట పైన, గాలిని లోపలికి లాగే కండ ఒకటి పర్దాలా పరుచుకుని ఉంటుందట. దాన్ని ఆడించే నరాలు మెడలోంచి దిగుతాయట. జ్వరం తర్వాత ఒక్కొక్కరికి నరాలు వాచి చచ్చుబడతాయి, భుజం నొప్పి దాని మొదటి గుర్తు అన్నాడు. మామ పొట్ట మీద నా చేత చెయ్యి పెట్టించబోయి, నేను వెనక్కి జరగడం చూసి, తన చెయ్యే పెట్టి చూపించాడు. గాలి పీలిస్తే పొట్ట పైకి లేవాలి, ఈయనది లోపలికి పోతోంది చూడు అన్నాడు. నరం మళ్లీ పెరుగుతుంది కానీ చాలా నెమ్మది, ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోనూవచ్చు. అప్పటిదాకా క్యాన్లు ఎత్తొద్దు, కొలతకు కూర్చోవద్దు, చెప్పిన కసరత్తు చెయ్యాలి. రోజూ పొద్దున ఒక్క ఊపిరి లెక్క రాసి పెట్టాలి, పదికి తగ్గితే ఆ నిమిషమే తీసుకురావాలి. రాసేది ఎవరంటే అందరూ నావైపే చూశారు. ఇంట్లో కలం పట్టడం బాగా వచ్చినదాన్ని నేనే, పైగా నోరు కూడా తెరిచినదాన్ని.

అలా మొదలైంది మా మామాకోడళ్ల ముచ్చట. పొద్దున వాకిట్లో మా ఆయన పాలు పోయడం అయిపోయాక మామ అరుగు మీద కూర్చునేవాడు, నేను తలుపు వెనక సగం దాక్కుని, నా బడినాటి నోటుబుక్కు పట్టుకుని, మామా, లెక్క, అనేదాన్ని. అంతే మా సంభాషణ. ఆయన వీధివైపు చూస్తూ చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. పద్నాలుగు, పదమూడు, పద్నాలుగు, జలుబు చేసినప్పుడు పదకొండు. ఆ పదకొండు రోజున నాకు అన్నం దిగలేదు. నెలలు గడిచి పదిహేను, పదహారు దగ్గరికి వచ్చి అక్కడే కూర్చుండిపోయింది.

ఈలోపు వాకిట్లో కొలత మా ఆయన చేతికి వచ్చింది. ఆయన కొలతలో తప్పు లేదు కానీ నోట్లో నోట్లో గొణుక్కుంటూ లెక్కపెట్టేవాడు, మధ్యలో మరచిపోయి మళ్లీ మొదటికి వచ్చేవాడు. బర్రెలు కూడా ఆయన చేతికి సరిగ్గా చేపి పాలిచ్చేవి కావు. తవుడు బస్తా పక్కన కూర్చుని ఇదంతా వింటూ మా మామ కుమిలిపోయేవాడు. లెక్క ఇరవై దాటితే కొలతకు కూర్చోవచ్చని డాక్టరు ఏనాడో అన్న మాట ఆయన మనసులో ఉండిపోయింది. ఆయన ఆ మాటనే పట్టుకుని ఉన్నాడని నాకు అప్పటికి తెలియదు.

ఒక వారం ఉన్నట్టుండి లెక్క పందొమ్మిది అయింది, ఇరవై అయింది, ఇరవై రెండు అయింది. మా అత్త సంతోషం పట్టలేక చిచ్చా ఇంటికి కూడా పాయసం పంపించింది. నేను రాస్తూనే ఉన్నాను కానీ నా చెవి ఊరుకోలేదు. ఆరున్ అని ఒక్క లిప్త ఆగి నొకటి అంటున్నాడు. ఆ సందులో చప్పుడు కాకుండా ఒక గుక్క గాలి పోతోంది లోపలికి. పాత రోజుల్లో ఆ మాటను ఆయన ఎక్కడా విరిచేవాడు కాదు. జీవితమంతా వేలు డబ్బా బయట పెట్టి కొలిచిన మనిషి తన ఊపిరి దగ్గర వేలు లోపల పెడుతున్నాడని అర్థమై నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈ ఇరవై రెండు చూసి డాక్టరు సరే అంటే, ఈయన పోయి క్యాను ఎత్తి అక్కడే కూలబడితే, ఆ పాపం రాసిన చేతిదే కదా. పోనీ ఆయనతో అందామా అంటే, మామను దొంగ అనే కోడలు ఏ గల్లీలోనైనా ఉంటుందా. మా ఆయనతో చెబితే ఇంట్లో లొల్లి అవుతుంది. రెండు రోజులు ఆలోచించి నాకు తోచిన పని చేశాను. కలంతో ఇరవై రెండు అని రాసి, పక్కన పెన్సిలుతో చిన్నగా, ఊపిరి తెగిన చోటు ఆరు అని, అంకె వేశాను. మర్నాడు కూడా అంతే. నోటుబుక్కు ఎప్పటిలాగే అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

మా మామకు అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు, పాలవాళ్లకు అంకెలు రాకపోతే ఎట్లా. ఆ రోజంతా ఆయన నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు. సాయంత్రం అత్త ఏమైందని అడిగితే ఏంలే అన్నాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. ఎంత పని చేశానురా భగవంతుడా అనుకున్నాను, తెల్లారితే మా అమ్మగారింటికి పంపించేస్తారనే అనుకున్నాను.

పొద్దున నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయనే మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఏడు అన్నాడు. వాకిట్లో, పొద్దున్నే, గల్లీ అంతా వినేలా ఏడు అన్నాడు. అందులో దాక్కోవడానికి సందు లేదు, ఒక్క ముక్క మాట. ఎనిమిది, తొమ్మిది అంటూ పోయి పదిహేడు దగ్గర గొంతు జారింది. రొప్పుతూ రొప్పుతూ, పెళ్లయి వచ్చిన ఇన్నాళ్లకు మొదటిసారి, వీధివైపు కాకుండా తలుపువైపు తిరిగాడు.

"పెన్సిల్‌ది వద్దు. ఇగ ఒక్కటే రాయి బిడ్డా."

కొట్టంలోంచి పేడ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది మా అత్త, పొద్దుగాల పొద్దుగాల వాకిట్ల గా మాటేంది, ఏం నేర్పినవే నీ మామకు అని నా మీద ఒంటికాలి మీద లేచింది. నా ఊపిరి, నా లెక్క, నీకేందే ఫికర్ అన్నాడు మామ. నేను పదిహేడు అని రాశాను. ఆ పుట ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ తర్వాత తొందర లేదు. పద్దెనిమిది కావడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ పదహారుకు దిగింది, మళ్లీ ఎక్కింది. ఆయన రోజూ ఏడు అంటూనే ఉన్నాడు, అత్త రోజూ ఆ మాట రాకముందే కొట్టంలోకి పోయేది. జబ్బు పడ్డ ఏడాదిన్నరకు అనుకుంటాను, ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి తవుడు బస్తా దగ్గర మామ లేడు. చూస్తే నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చేతులు రెండు పక్కలా వాలిపోయి, కదలిక లేకుండా. ఏడాదిన్నరగా ఆయన వీపు మంచానికి ఆనడం నేను చూడలేదు. బకెట్టు జారిపోయింది, అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను పొట్టను. పైకి లేచింది. దిగింది. మళ్లీ నెమ్మదిగా, నిండుగా పైకి లేచింది. సన్నగా గురక కూడా పెడుతున్నాడు. నేను అక్కడే గడప మీద కూర్చుని, ఆయన లేచేదాకా ఆ పొట్టను చూస్తూ ఉన్నాను. ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇరవై దాటాక డాక్టరే కొలతకు కూర్చోమన్నాడు. మొదటి రోజు చిచ్చా అందరికన్నా ముందే క్యాను పట్టుకుని నిలబడ్డాడు. మామ డబ్బా ముంచాడు, వేలు బయటే ఉంది. లాభం అని సాగదీశాడు. ఆరున్నొకటిని ఎక్కడా విరవకుండా, పూర్వం ఎట్లా అనేవాడో అట్లాగే అన్నాడు, ఎందుకంటే అది కొలత లెక్క, కొన్నవాళ్ల లెక్క, అందులో ఏడ్పు ఉండకూడదు. ఆవాజ్ వాపస్ ఆగయీ భాయ్, గొంతు తిరిగొచ్చింది అని చిచ్చా కళ్లు తుడుచుకున్నాడు. ఆ గొంతు మా గల్లీలో ఇంకో పద్దెనిమిదేళ్లు వినబడింది. నన్ను మాత్రం ఆయన ఆ తర్వాత ఎన్నడూ గోడకు చెప్పినట్టు పిలవలేదు, బిడ్డా అనే అన్నాడు.

ఇప్పుడు కొట్టం ఉన్న చోట మూడంతస్తుల ఇల్లు ఉంది. పొద్దున గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు పడతాయి, వేసేవాడి మొహం కూడా నాకు తెలియదు. లెక్క తప్పు పోదు, నిజమే, కానీ లెక్క వినబడదు. గోడ అవతల ఎవరు బాగున్నారో, ఎవరి గొంతు ఏ అంకె దగ్గర జారుతున్నదో తెలుసుకునే వీలు పోయింది. మేము సుఖంగానే ఉన్నాం, అబద్ధమెందుకు, అయినా పొద్దున మెలకువ రాగానే ఒక్క నిమిషం చెవి పెట్టి వింటాను.

ఆ అమ్మాయి నన్ను మళ్లీ లెక్కపెట్టమంటే ఈసారి ఏడును ఏడు అనే చెప్పి ఇరవై మూడు దాకా పోయాను. మస్తు చెప్పినవ్ అమ్మా అని ఆ పిల్ల ఫోనులో ఏదో కొట్టుకుంది. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక నాకు మనసు నిలవలేదు. లెక్క చెప్పేటప్పుడు పద్దెనిమిది దగ్గర ఒక గుక్క గాలి దొంగతనంగా పీల్చుకున్నాను. ఈ వయసులో ఎవరి మెప్పుకోసమో నాకే తెలియదు. ఇదంతా మా కోడలితో ఎట్లా చెప్పాలా అని నసుగుతుంటే, అది ఆటోను ఆపబోయిన చెయ్యి దించేసింది.

"పద్దెనిమిది కాడ గదా అత్తమ్మా. విన్న."

కొంగు సర్దుకుని, దాని చెయ్యి పట్టుకుని, అంకె దిద్దించడానికి మళ్లీ మెట్లెక్కాను.